సాక్సుల చేతులతో రాయించిన డైరీ

నా చిన్నప్పుడు, రెండో తరగతిలో, నన్ను గుణదలలోని మా ఇంటి వెనకగదిలో బంధించారు. నేరం, ఆటలమ్మ పోయడం. మాది ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా, గుమ్మానికి వేపరొట్ట పక్కింటివాళ్ళకంటే ఎక్కువే కట్టారు. గోక్కోకుండా నా రెండు చేతులకీ నాన్న పాత సాక్సులు తొడిగి, మణికట్టు దగ్గర గుడ్డపీలికలతో ముడేశారు. కిటికీలోంచి కనబడేది ఎదురుగోడ మీది కోచింగ్ కాలేజీ ప్రకటన ఒక్కటే. ర్యాంకులొచ్చిన వాళ్ళంతా వరసగా నన్ను చూసి నవ్వుతుండేవారు.

గదిలోకి రావడానికి అనుమతి మా నానమ్మకే. ఆవిడకి ఆటలమ్మ ఎప్పుడో వచ్చిపోయింది, పైగా రిటైరైన మిలటరీ నర్సు. అమ్మ మాత్రం గుమ్మం దాటలేదు. కడుపుతో ఉంది, అంటుకుంటే లోపలి బిడ్డకు ప్రమాదమని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి నాకూ చెప్పారు. కానీ కారణం తెలిసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కదా. ఇంకా పుట్టనివాడి కోసం పుట్టినవాణ్ణి వదిలేసిందని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. దానికి బదులు అన్నం వద్దన్నాను, చచ్చిపోతున్నానన్నాను.

ఒక మధ్యాహ్నం నానమ్మ ట్రంకుపెట్టెలోంచి తన యుద్ధకాలపు డైరీ తెచ్చింది. బాంబులుంటాయని లేచి కూర్చున్నాను. చదివితే ఏముంది? ఇవాళ కూడా బంగాళదుంప కూరే. కిటికీలకు నల్లకాగితం అంటించాం, ఉక్కపోత. చెప్పు తెగింది.

"ఇదేం యుద్ధం నానమ్మా?"

"ఇదే నాయనా. మిగతాది రేడియోలో చెప్పేవాళ్ళు."

ఆవిడ వార్డులో కళ్ళకు కట్టు కట్టిన జవాను ఒకడుండేవాడట. రోజూ డైరీ రాసే అలవాటున్నవాడు కాబట్టి, అతను చెబుతుంటే నానమ్మ రాసిపెట్టేది. ఒకరోజు టీ చల్లారిపోయిందని రాయించాడు. నానమ్మ జాలిపడి, దేశం కోసం ఈ కష్టం తనకు సంతోషమేనని ఒక వాక్యం సొంతంగా చేర్చి చదివి వినిపించింది. కొట్టేయమన్నాడు. తాను చెప్పింది టీ గురించేనన్నాడు. అప్పట్నుంచి ఆవిడ ఒక్క మాట కలపలేదు. టీ గురించీ, పక్కమంచం గురక గురించీ చెప్పడం అంతా అయ్యాక ఒకనాడు, కట్టు విప్పితే ఏమీ కనబడదేమోనని భయంగా ఉందని రాయించాడట.

"కనబడిందా?"

"ఒక కన్ను. దాంతోనే నా రాత చూసి బాగోలేదన్నాడు."

తర్వాత ఓ కొత్త నోటుబుక్కు తీసి, నీ చేతులకీ కట్టుందిగా, నువ్వు చెప్పు నేను రాస్తానంది. చచ్చిపోతున్నానన్నాను. రాసింది. వీపు దురదన్నాను. రాసింది. సాంబారులో ఉప్పు లేదన్నాను. చచ్చిపోయేవాడికి సాంబారు గొడవెందుకని అడక్కుండా అదీ రాసింది. నా దగ్గర సరుకైపోయింది. ఆవిడ పెన్ను ఎత్తి పట్టుకుని ఊరికే కూర్చుంది.

"అమ్మకి నేనక్కర్లేదు," అన్నాను.

ఓదార్చలేదు. రాసుకుని, మొదటినుంచీ అంతా చదివింది, వార్డు చివరి మంచం దాకా వినబడే గొంతుతో.

తలుపు అవతల, బాగా కింద నుంచి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"అత్తయ్యా, నాది కూడా రాసుకోండి."

"చెప్పమ్మాయ్."

"రోజూ మధ్యాహ్నం ఈ తలుపుకే ఆనుకుని కూర్చుంటున్నా. నడుం పడిపోతోందండి. వీడు నిద్దట్లో పళ్ళు కొరుకుతున్నాడు. నులిపురుగుల మందెయ్యాలి."

నేను మంచం దిగి వెళ్ళి తలుపుకి ఇవతలవైపు ఆనుకున్నాను. సాయంత్రం దాకా ఆ మందు మీదే అమ్మతో పోట్లాడాను.

ఇప్పుడు స్నేహితుల్లో నాకు, ఎవరి ఏడుపునైనా జోకు చేస్తాడని పేరు. ఎవరైనా జీవితం అయిపోయిందంటే, ముందు టిఫినేం తిన్నావని అడుగుతాను. నవ్వుతారు, ఎక్కువమంది తిడతారు. తిట్లయ్యాక మాత్రం నోరు మూసుకుని కూర్చుంటాను. అసలు మాట అప్పుడు వస్తుంది. అది వచ్చాక కూడా నా మాటొకటి కలపకుండా ఊరుకోవడమే ఇప్పటికీ నేర్చుకుంటున్నాను.