మంట అందిన ఎముకలు

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటివి కావు, మాదాపూర్‌లో నా ఈడువాళ్లందరి మెడలో ఐడీ కార్డు వేలాడుతుంటే నా చేతిలో జల్లెడ ఉన్న రోజులు. చరిత్రలో ఎమ్మే చేసినదాన్ని హైటెక్ సిటీలో ఎవరు పిలుస్తారు చెప్పండి! కొత్తగూడ దగ్గర పునాదులు తవ్వుతుంటే వేల ఏళ్లనాటి సమాధులు బయటపడ్డాయి, కుండల్లో కాలిన ఎముకలతో. తవ్వకాలు చూసే మేడమ్ నన్ను మట్టి జల్లించే పనిలో పెట్టుకున్నారు. నాన్న పోయి అప్పటికి నెల. "ఆడపిల్లవి, శ్మశానానికి రాకూడదమ్మా" అని బాబాయి నన్ను గుమ్మంలోనే ఆపేశాడు. తనకు సెలవు దొరికేదాకా అస్థికల కుండను శ్మశానం గదిలోనే ఉంచాడు. ఆదివారం గోదావరిలో కలిపేస్తానన్నాడు. ఆలోగా ఒక్కసారి నాన్నను ముట్టుకోవాలని నా ప్రాణం కొట్టుకుపోయేది.

పనిలో మొదటిరోజే నల్లటి ముక్క దొరికితే పుర్రె అనుకుని, గుడ్డమీద పెట్టి, దండం పెట్టి బావురుమన్నాను. "అది కుండపెంకమ్మా, కాస్త ఆగి ఏడు" అన్నారు మేడమ్. (పెంకుకు కర్మకాండ చేసిన ఘనత నాదే.) సాయంత్రం నిజాంపేటలో నేనుండే హాస్టల్ నడిపే అక్క గేటు దగ్గరే అడ్డం. "సచ్చినోళ్లను ముట్టి గిట్లనే లోపలికొస్తవా? పో, నల్లా కింద తానం చెయ్యి!" "వాళ్లు పోయి వేల ఏళ్లయిందక్కా." "అయితేంది? సచ్చినోళ్లు సచ్చినోళ్లే." రోజూ తడిసి ముద్దయి గదికి వెళ్లేదాన్ని.

శనివారం మేడమ్ నా అరచేతిలో చిన్న చిన్న ముక్కలు పోశారు. "వేలి ఎముకలమ్మా. ఇంత తెల్లగా ఉన్నాయంటే మంట బాగా అందింది. నల్లగా ఉంటే సరిగ్గా కాలనట్టు. బొగ్గు ఒక్కటి కూడా కలవలేదు చూడు, ఎవరో కూర్చుని ఓపిగ్గా ఏరారు."

"ఏరింది ఆడవాళ్లా, మగవాళ్లా మేడమ్?"

"అది ఎముకలు చెప్పవు" అన్నారు. నేను జల్లెడ పక్కనపెట్టి, ఆటో ఎక్కి శ్మశానానికి వెళ్లాను.

నాన్న పేరు చెప్పగానే కాపలా తాత నా మొహం చూసి కుండ తెచ్చిచ్చాడు. విప్పితే అన్నీ పెద్ద ముక్కలే, సగం నలుపు, సగం బొగ్గు. వేలి ఎముక ఒక్కటీ లేదు. బాబాయి ఎంత తొందరలో ఏరాడో తెలిసిపోయింది. నేర్చుకున్న విద్య మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అక్కడే చతికిలబడి, ఏడుస్తూ, బొగ్గులన్నీ ఒక్కొక్కటే ఏరి చున్నీలో వేసుకున్నాను. "జర నిమ్మళంగ, బిడ్డా" అంటూ తాత పక్కన నీళ్లసీసా పెట్టాడు. ఏరడం అయ్యాక కుండకు మళ్లీ గుడ్డ కట్టి గదిలో పెట్టేశాడు.

చున్నీ నిండా బొగ్గుతో, మసి మొహంతో ఐడీ కార్డుల మధ్య బస్సులో నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకే కళ్లు తడుస్తాయి. మర్నాడు శ్మశానం గేటు బయట నా ముందే బాబాయి కుండను కారులోకి ఎత్తుతూ, "అన్నయ్య ఇంత తేలికయ్యాడేమిటి!" అన్నాడు. నేను మసి పోని గోళ్లను చున్నీ చాటున దాచుకున్నాను.