కాయ నోరు తెరవకముందే

టీచరమ్మ పోయారని అమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను కాజీపల్లిలో మందుల కంపెనీ డ్యూటీలో ఉన్నాను. గ్లౌజులు, మాస్కు తీసేసి బయటికొచ్చి ఏడ్చాను. ఆమె నాకు బళ్లో ఒక్క పాఠం కూడా చెప్పలేదు. గుమ్మడిదల దగ్గర మా ఊళ్లో పక్కింటావిడ, రిటైరైన సైన్సు టీచరు. నాకు నేర్పింది ఒక్కటే, నువ్వుల చేను ఎప్పుడు కొయ్యాలో.

నవ్వకండి, అది చిన్న విద్య కాదు. ముందే కోస్తే అన్నీ తాలు గింజలే. నాలుగు రోజులు ఆలస్యమైతే కాయలు నోరు తెరిచి ఉన్నదంతా నేలపాలు. నాన్న పోయాక మా అరెకరానికి నేనే రైతును, అదీ వారానికి ఒక్కరోజు. మొదటి ఏడాది సెలవు దొరికిన ఆదివారం కోశాను, తాలు వచ్చింది. మరుసటి ఏడు ఇంకో ఆదివారం దాకా ఆగాను, గింజలన్నీ చీమలు ఎత్తుకుపోయాయి.

"మల్లొక్కసారి ఏస్త. గిది గూడ పోతే ఇగ నేను విత్తనం ముట్ట" అంది అమ్మ. నాన్న పోయిన తర్వాత ఆమెను మంచం మీది నుంచి లేపింది ఆ చేనొక్కటే. నాకు భయం పట్టుకుంది.

చేను కాయ పట్టగానే టీచరమ్మ దగ్గరికి పోయాను. "కంపెనీ సెలవు సూసి నువ్వులు పండుతయా, కొడుకా?" అని ముందు కడుపునిండా తిట్టారు. తర్వాత పెరట్లోకి తీసుకెళ్లారు. అక్కడ ఆమె మాకన్నా ముందే వేసుకున్న నువ్వుల సాళ్లు రెండు ఉండేవి. కొన దగ్గరి కాయ ఒకటి గోటితో చీల్చి, గింజను నా అరచేతిలో పెట్టి, భూతద్దం చేతికిచ్చారు. తెల్లటి గింజకు ఒక పక్కన సన్నటి ముదురు గీత, మొనన చిన్న చుక్క!

"గీత పడ్డదంటే గింజ పాలు తాగుడు అయిపోయినట్టు. కింది కాయను కాదు, మీది కాయను అడగాలె."

నేను నోరెళ్లబెట్టాను. పుట్టినప్పటి నుంచి నువ్వుల ముద్దలు తింటున్నాను, ఆ గీతను ఒక్కనాడూ చూడలేదు.

ఆ ఏడు పంట చివర్లో రోజూ పొద్దున్నే, నేను డ్యూటీకి బయల్దేరకముందే, మోకాళ్ల నొప్పులతోనే మా చేనుకు వచ్చేవారు. కాయ చీల్చి, "ఇంకా పాలే" అని వెళ్లిపోయేవారు. ఆకులు పండి రాలుతుంటే నేను పరేషాన్. ఒక శనివారం మాత్రం గింజను చాలాసేపు చూశారు.

"రేపు కోద్దాం. సల్లపూటనే కావాలె, ఎండెక్కితే కాయ పగుల్తది."

రేపు ఆదివారం. ఆమె ఆదివారం సూది కూడా ముట్టరు, చర్చి మానిన రోజు లేదు. "మా సెలవు సూసి పండదంటిరి. మీ చర్చి సూసి ఆగుతదా, టీచరమ్మా?" అని ఎగతాళి చేశాను.

తెల్లారేసరికి టీచరమ్మ కొడవలితో గట్టు మీద ఉన్నారు. కూలీలు దొరకలేదు, మేం ముగ్గురమే. కాసేపటికి చర్చి మైకులో పాట మొదలైంది. అమ్మ కంగారుపడింది. "మీరు పోండ్రి టీచరమ్మా, మాకు పాపం తగుల్తది."

"నేనేడున్ననో ఆయనకు తెల్వదా? నువ్వు కొయ్యి."

మైకులోని పాటకు గొంతు కలుపుతూ సాలు వెంట సాలు కోశారు. వంగిన ఆ నడుమునే చూస్తూ నేనూ కోశాను. మా అమ్మ కోసం ఆమె తన ఆదివారాన్ని ఇచ్చేశారు. చివరి కట్ట కట్టేసరికి ఎండెక్కింది. గట్టు పక్కన మరిచిపోయిన ఒకే ఒక్క మొక్కకు కింది కాయ మా కళ్లముందే విచ్చుకుంది. టీచరమ్మ కాళ్లకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. "చల్, లే" అని కసిరారు.

కట్టలు ఎండాక తలకిందులు చేసి దులపాలి. అమ్మ మొదటి కట్టను టీచరమ్మ చేతిలో పెట్టబోయింది. "నీ చేను. నువ్వే దులుపు" అన్నారామె. అమ్మ దులిపింది. టార్పాలిన్ మీద గింజలు జలజలా రాలుతూనే ఉన్నాయి, ఎంతకీ ఆగవు. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. కట్ట ఖాళీ అయ్యాక అమ్మ మెల్లగా కూర్చుని, రెండు గుప్పిళ్లు తీసి, వచ్చే ఏటి విత్తనానికని కొంగున ముడేసుకుంది.