దిష్టి ఉప్పూ, కరెంటు సర్వే

మా జగ్గయ్యపేట ఇంటి పెరట్లో మూత బిగించిన బోరు గొట్టం ఒకటుంది. అందులోంచి ఈనాటికీ ఒక్క చుక్క రాలేదు. అది వేయించిన ఘనురాలిని నేనే. ఎలాగో చెబితే నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు. మా వారు మాత్రం ఇంకా నవ్వడం లేదు.

ఆ వేసవిలో పాత బోరు ఎండిపోయింది. మా వారి ఉద్యోగం నందిగామ కోర్టులో. "కొత్త బోరు పడిందా సరి. లేకపోతే నందిగామలో అద్దెకి పోదాం" అని తేల్చేశారు. నా మల్లెపందిరినీ తులసికోటనీ వదిలి ఏ మూడో అంతస్తు అద్దె వాటాలోకో పోవడమా! వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకున్నాను. స్వామి దయవల్ల భూగర్భ సర్వే చేసే కరీం గారు దొరికారు. అంతవరకే స్వామి పని. తక్కినదంతా నా నిర్వాకం.

"రెండు పద్ధతులున్నాయమ్మా," అన్నారు కరీం గారు పెట్టెలు దించుతూ. "ఒకటి, ఇనప కడ్డీలు దిగేసి కరెంటు పంపుతాం. తడున్న చోట కరెంటు తేలిగ్గా పోద్ది. రెండోది, ఇనప పలకేసి సమ్మెటతో కొడతాం. కింద రాయి గట్టిదో, నీళ్ళు నిలిచే పగుళ్ళున్నదో ఆ అదురు చెప్పిద్ది. మనది సున్నపురాయి నేల, రెండూ చేస్తే మంచిది."

"సమ్మెటా! భూదేవి నెత్తిన!"

"కడ్డీలు దిగేసేదీ ఆవిడలోకే కదే," అన్నారు మా వారు.

"అది ఇంజెక్షనండీ. ఇది దెబ్బ."

కరీం గారు తల గోక్కున్నారు. "సరే, కరెంటే పెడదాం. ఈ నేలలో ఏమన్నా పోశారా అమ్మా? బూడిద, ఎరువు, అలాంటివి?"

"ఎంత మాట! ఆ గోడ మూలలోనైతే ఎవర్నీ అడుగు కూడా పెట్టనివ్వను."

అబద్ధం కాదు. ఎందుకు పెట్టనివ్వనో ఆయన అడగలేదు, నాకూ తట్టలేదు.

మీటరు సరిగ్గా ఆ మూలకొచ్చి ఆనందంతో గంతులేసింది. "ఇంత బాగా ఎక్కడా రాలేదమ్మా! ఎందుకైనా మంచిది, సమ్మెటతో కూడా ఒకసారి..."

"వద్దు!" అన్నాను కళ్ళొత్తుకుంటూ. స్వామి చూపించాక సమ్మెటతో సాక్ష్యమా?

బోరు బండి వచ్చింది. పొద్దస్తమానం తెల్లటి రాతిపిండి ఎగజిమ్మింది. మల్లెపందిరి, తులసికోట, మా వారు, అందరూ ఇడ్లీపిండిలో ముంచి తీసినట్టు తయారయ్యారు. నీళ్ళు మాత్రం లేవు.

కరీం గారు గొంతుక్కూర్చుని ఆ మూల మట్టిని నలిపి చూశారు. "ఇక్కడ ఇంత ఉప్పెందుకుందమ్మా?"

"దిష్టి ఉప్పండీ. ప్రతి ఆదివారం అందరికీ తీసి, ఎవరూ తొక్కని చోటని అక్కడేసి నీళ్ళు పోస్తాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ."

మా వారు పిండి దులుపుకోవడం ఆపేశారు. "ఆయన అడిగినప్పుడు చెప్పొద్దూ!"

"ఆయన బూడిదా ఎరువూ అన్నారు. ఉప్పు అన్నారా?"

"ఎర్తింగ్ గుంటలో ఉప్పెందుకేస్తారమ్మా?" అన్నారు కరీం గారు నీరసంగా. "కరెంటు తేలిగ్గా పోవడానికే. నా మీటరు చూసింది నీళ్ళని కాదు, మీ భక్తిని."

మా వారు స్కూటరు బయటికి తీశారు. "నందిగామ వెళ్ళి ఇల్లు చూసొస్తా. నీకు మూడో అంతస్తు కావాలా, సమ్మెట కావాలా?"

"సమ్మెటే," అన్నాను.

దెబ్బదెబ్బకీ "క్షమించు తల్లీ" అని నేను, "కాస్త పక్కకి జరగండమ్మా" అని కరీం గారు. పగుళ్ళ రాయి ఎక్కడ తేలిందంటారా? మా వారి స్కూటరు షెడ్డు కింద. షెడ్డు పోయింది, నీళ్ళు పడ్డాయి. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. స్వామికీ, భూదేవికీ, కరీం గారికీ వరసగా దణ్ణాలు పెట్టాను.

అంత నీటికి దిష్టి తగలదూ? గుప్పెడు కల్లుప్పు పట్టుకుని బయల్దేరాను. "ఉప్పు లోపల పెట్టు!" అని వాకిట్లోంచి మా వారు ఒక్క కేక పెట్టారు.

అందుకే తులసమ్మ సాక్షిగా ఒట్టేశాను. ఇక మా ఇంట్లో దిష్టి ఎండుమిరపకాయలతోనే. వాటిలోంచి కరెంటు పోదని కరీం గారికి ఫోను చేసి మరీ కనుక్కున్నాను.