సువార్తమ్మ వదిన తెల్లచీర

నా పేరు దీనమ్మ. ఆధార్ కార్డులో డెబ్భై నాలుగు, అసలు వయసు ఇంకో రెండు ఎక్కువే ఉంటుంది. విజయవాడలో బుడమేరు కట్ట పక్కన కాలనీలో, ఆటో నడిపే కొడుకు, కోడలు, మనవరాలు కెజియాతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కెజియా ఫోన్‌లో కొడుతోంది. ఒక్క మాట కూడా మెత్తబరచవద్దని చెప్పాను.

నిన్న పొద్దున ఏడింటికి సువార్తమ్మ వదిన వెళ్ళిపోయింది.

చర్చి గ్రూప్‌లో మెసేజ్ వచ్చిందని కెజియా చదివితే నమ్మలేదు. "మళ్ళీ చదువు" అన్నాను.

మళ్ళీ చదివింది.

మొన్న సాయంత్రమే మా గుమ్మంలో కూర్చుని గోంగూర వలిచింది. "ఉప్పు తగ్గించు దీనా, నీకసలే బీపీ" అని తిట్టి మరీ వెళ్ళింది. నా బీపీ సంగతి చూసిన మనిషికి గుండె ఆగిపోయిందట.

పాతికేళ్ళు రైతుబజారులో పక్కపక్కన కూర్చుని ఆకుకూరలు అమ్మాం. చుట్టరికం ఏమీ లేదు. ఒకరికొకరం వదినలం, అంతే.

ఇవాళ నాలుగింటికి సమాధి కార్యక్రమం. ఆలోపు నేను చెప్పవలసింది ఒకటుంది. ఆమెకు ఏ చీర కట్టాలన్న దాని మీద వాళ్ళింట్లో గొడవ జరుగుతోంది.

మా సంఘంలో ఆడమనిషి పోతే తెల్లచీర కట్టి పెట్టెలో పెడతారు. చాలామందిమి బతికుండగానే కొని ట్రంకులో దాచుకుంటాం. మేమిద్దరం మంగళగిరి బస్సెక్కి వెళ్ళి ఒకేలాంటివి కొన్నాం.

షాపతను అడిగాడు, "క్రిస్టియన్ పెళ్ళా అమ్మా? పెళ్ళికూతురు పొడుగా, పొట్టా?"

"పెళ్ళికూతుళ్ళం మేమే నాయనా. పొట్టే. డేటు మాత్రం పైనున్న ఆయన చెప్పాలి" అంది వదిన.

అతను మా నెరిసిన తలలు చూసి గబగబా బిల్లు రాశాడు. వారధి దాటేదాకా నవ్వుతూనే ఉన్నాం.

తర్వాత వరద వచ్చింది.

కింద ఇళ్ళన్నీ మునిగాయి. పక్క బిల్డింగ్ మేడ మీద ఒక టార్పాలిన్ కింద అందరం. తిండి లేదు, కరెంట్ లేదు. రెండో రోజు మధ్యాహ్నం లక్ష్మికి నొప్పులొచ్చాయి. బందరు వైపు నుంచి వచ్చి చేపలమ్ముకునే అమ్మాయి, మా పక్కవాటా. బోటు కోసం అరిచి అరిచి గొంతులు పోయాయి.

కాన్పు వదినే చేసింది. ఆడపిల్ల.

చుట్టడానికి పొడిగుడ్డ లేదు. మా ఒంటిమీద ఉన్నవన్నీ తడిసినవే. పొడిగా ఉన్నది వదిన ఇంట్లోంచి నెత్తిన పెట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవరు ఒక్కటే. అందులో బైబిలు, ఆ తెల్లచీర.

పర్రున చింపింది. సగం బిడ్డకు, సగం తల్లికి.

"వదినా, అది నువ్వు పోయేటప్పుడు కట్టుకునేది" అన్నాను.

"పోయేదాని సంగతి తర్వాత. వచ్చినదానికి చలేస్తోంది. అయినా అక్కడ తెల్లబట్టలు ప్రభువే ఇస్తానన్నాడుగా. వాక్యం చెప్పేటప్పుడు నిద్రపోయావా ఏంటే?"

నిన్న ఎవరో ఒకాయన ఆమె వాకిట్లో నిలబడి, "పరలోకం ఉందని చెప్పి పేదోళ్ళ నోరు మూయిస్తారండీ" అన్నాడు.

వదిన నోరు ఎవరు మూయించారో చెప్పమనండి. నీళ్ళు తీశాక నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మా వీధి వదిలేసి వెళ్ళబోతే, జీపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. "నాకు పైన ఇల్లుంది బాబూ, నాకేం తొందర లేదు. వీళ్ళకి ఇక్కడ కావాలి. రాయి."

రాశారు.

పైన ఇల్లుందని నమ్మిన మనిషికి ఇక్కడ భయపడే పని లేదు. ఆ మేడ మీద చుట్టూ నీళ్ళు చూసి నేను వణికాను, ప్రార్థన కూడా నోట రాలేదు. ఆ చీర చిరిగిన చప్పుడు విన్నాక నాకు ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత ఆమె ఇంకోటి కొనలేదు. "ఇచ్చేసి మళ్ళీ కొనుక్కుంటే అది ఇచ్చినట్టేంటే?" అంది. ట్రంకులో నీళ్ళు పట్టిన నా చీర ఉతికి ఆరేసి, అది తీసుకోమన్నాను. "వద్దు తల్లీ. రేపు నువ్వక్కడికొచ్చి నా చీరేదని గోల పెడతావు. నాకు ఆదివారం కట్టుకునే నీలం చీరే కట్టండి."

నిన్న అదే కట్టాను, ఈ చేతులతో.

సంఘ పెద్ద ఏలియా గారు వచ్చారు. ఆమె కొడుకు చేత కొత్త తెల్లచీర తెప్పించారు. "నలుగురూ ఏమనుకుంటారు దీనమ్మగారూ? మన పద్ధతి మనకుంది కదండీ" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. మా ఆయన పెట్టె మోసినవాళ్ళలో ఒకరు. అయినా నేను వదిన పక్కనుంచి లేవలేదు.

అంతలో లక్ష్మి వచ్చింది, పిల్లను చంకన వేసుకుని. చేతిలో ఆ సగం చీర. ఇన్నాళ్ళూ పిల్లకు ఉయ్యాల కట్టిందట. పసుపు మరకలు, పాల మరకలు, అంచున పిల్ల కొరికిన చిరుగు.

"మామ్మగారిది మామ్మగారికే కప్పుదామని తెచ్చానండీ" అంది.

ఏలియా గారు పట్టుకుని చూశారు. "ఇది తెల్లగా లేదు కదమ్మా."

"అయ్యగారూ, మీరు తెచ్చినది ఇంకా ఎవరికీ పనికి రాలేదు. ఇది వచ్చింది. ఏది తెలుపో ఆయన చూసుకుంటాడు. నువ్వు కప్పమ్మా లక్ష్మీ" అన్నాను.

కప్పింది.

పాస్టరుగారు మూడింటికి వచ్చి చూస్తానన్నారట. రానివ్వండి, ఆయనకూ ఇదే చెబుతాను. పెట్టె తలవైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ గుడ్డ తీయాలంటే ముందు నన్ను లేపాలి. అది మా అత్తగారి వల్లే కాలేదు.

ఇది చదివిన మీరంతా రండి. ఏడుపొస్తే ఏడవండి, నేనూ ఏడుస్తున్నాను. "పాపం, తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు" అని మాత్రం నా ముందు అనకండి.

వెళ్ళిరా వదినా. వరద రాని చోట కాళ్ళు చాపుకుని కూర్చో. ప్రభువు దగ్గర నీకు నెమ్మది.

నా తెల్లచీర ట్రంకులోనే ఉంది. ఈలోపు ఎవరికైనా చలేస్తే నేనూ చింపుతాను. అప్పుడు నేనూ నీలం చీరలో వచ్చానని అక్కడ నవ్వకు.

దీనమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర. కింద ఫోటోలో ఉంది.

సాక్షులు: కెజియా, రాసినది. లక్ష్మి, కప్పినది.