డేటాబేస్‌లో సీనియారిటీ

కరోనా వచ్చిన ఏడాది, వానాకాలం మొదట్లో, బందరులో నేను పనిచేస్తున్న డిగ్రీ కళాశాలకు ఒక ఆన్‌లైన్ కోర్సు మంజూరైంది. డేటాబేస్, మార్కప్ నేర్పే సర్టిఫికెట్ కోర్సు అది. కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతిని కాబట్టి దాన్ని నిలబెట్టే బాధ్యత నాకు అప్పగిస్తూ ప్రిన్సిపాల్ వీరభద్రరావు గారు ఉత్తర్వు ఇచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడికి కొత్త పని అంటగట్టడం మా కళాశాలలో గౌరవం కింద లెక్క.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. సమాచారాన్ని పట్టికలుగా దాచి, అడిగినప్పుడు అడిగిన విధంగా తీసిచ్చే సాఫ్ట్‌వేర్ డేటాబేస్. మార్కప్ అంటే రాసిన విషయానికి గుర్తులు తగిలించి, ఇది శీర్షిక, ఇది పాఠం, ఇది ప్రశ్న అని యంత్రానికి తెలిసేలా చెప్పడం. వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించడం లాంటిదే. విద్యార్థులు మా పేజీ తెరిచి ఈ రెండింటి సాఫ్ట్‌వేర్లూ దించుకోవాలి, తమ కంప్యూటర్లో పెట్టుకోవాలి, అభ్యాసం చేసి పంపాలి.

లాబ్‌లో ఉన్నవాటిలో కాస్త ఓపిక మిగిలిన కంప్యూటర్‌ని సర్వర్‌గా మార్చాం. మార్చాం అంటున్నాను గానీ, మార్చింది షమీమ్. ఇనగుదురుపేట నుంచి స్కూటీ మీద వచ్చే గెస్ట్ లెక్చరర్. పాత డేటాబేస్ కొత్తదాన్ని రానివ్వకుండా మొండికేస్తే, నేను మాన్యువల్ వెతుక్కుంటూ ఉండగానే ఆమె పాతదాన్ని ఆనవాలు లేకుండా తీసేసి కొత్తది ఎక్కించింది. ఆమె కాంట్రాక్టు ఆ కోర్సుకే ముడిపడి ఉంది. పరిశీలన కమిటీ కూర్చునే నాటికి విద్యార్థుల అభ్యాసాలు అందాలి, ప్రతి విభాగం నుంచీ తమ సబ్జెక్టు వివరాలను పట్టికలుగా చూపే పాఠం కనీసం ఒకటి ఉండాలి. లేకపోతే కోర్సు రద్దవుతుంది, దాంతోపాటే ఆమె ఉద్యోగమూ పోతుంది. ఇది కళాశాలలో అందరికీ తెలుసు.

తెలిసినా, పేజీలో వేయడానికి పేరూ ఫోటో పంపమంటే గంటలో పంపిన అధ్యాపకులు, పాఠం పంపమంటే మాత్రం ఇంట్లో నెట్ రావడం లేదన్నారు.

పేజీ తెరిచిన రోజునే ప్రిన్సిపాల్ గారి ఫోను వచ్చింది. "మాస్టారూ, ఈ కాలేజీకి ప్రిన్సిపాల్‌ని నేనేనా అండీ? పేజీ చూస్తే నాకే అనుమానంగా ఉంది" అన్నారు. చూస్తే, డేటాబేస్ పేర్లను అక్షర క్రమంలో పేర్చింది. అందరికంటే పైన కామర్స్ ఆంజనేయులు గారు చిరునవ్వు నవ్వుతున్నారు. వీరభద్రరావు గారు ఎక్కడో అడుగున ఉన్నారు. ఆయనకంటే కింద షమీమ్ ఉంది గానీ, ఆమెకు ఆ సంగతి పట్టలేదు.

సరే, హోదా అని ఒక గడి చేర్చి ప్రిన్సిపాల్ గారిని పైకి ఎక్కించాం. మిగిలినవారిని ఉద్యోగంలో చేరిన తేదీ ప్రకారం పేర్చాం. అక్కడ వచ్చింది తంటా. ఆంజనేయులు గారూ, ఫిజిక్స్ వెంకటరత్నం గారూ ఒకే రోజు చేరారు. సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ పక్కన ఎఫ్.ఎన్. అనో ఎ.ఎన్. అనో రాస్తారు. అంటే పొద్దున చేరాడా, మధ్యాహ్నం చేరాడా అన్నమాట. ఒక పూట తేడాతో జీవితాంతం సీనియర్లయిన వాళ్లను నేనెరుగుదును. ఈ ఇద్దరికీ పొద్దునే అని రాసి ఉంది.

ప్రిన్సిపాల్ గారి గదిలో పంచాయితీ జరిగింది. ఇద్దరూ మాస్కులు గడ్డం కిందికి దించుకున్నారు.

"నేను గుడివాడలో మొదటి బస్సెక్కి వచ్చి సంతకం పెట్టేటప్పటికి, ఈయన ఇంకా కోనేరు సెంటర్లో టీ తాగుతున్నాడండీ" అన్నారు వెంకటరత్నం గారు.

"టీ తాగింది సంతకం పెట్టాకేనండీ. బావా, నువ్వు చూశావా నేను తాగటం?" అన్నారు ఆంజనేయులు గారు. వాళ్లకు చుట్టరికం ఏమీ లేదు. తగాదా ముదిరినప్పుడే ఈ బావ అనే పిలుపు వచ్చేది.

విసుగెత్తి నేనొక ఉపాయం చేశాను. ప్రిన్సిపాల్ గారి పేరు పైన అలాగే ఉంచి, పేజీ తెరిచిన ప్రతిసారీ మిగిలిన పేర్లు చీట్లు తీసినట్టు వేరు వేరు వరసల్లో వచ్చేలా ఆదేశం రాశాను. ఇక ఎవరూ నోరెత్తలేరని పొంగిపోయాను కూడా. నిజంగానే ఎవరూ నోరెత్తలేదు. వేలెత్తారు. తన పేరు పైకి వచ్చేదాకా ఒక్కొక్కరూ పేజీని మళ్లీ మళ్లీ తెరవడం, రాగానే దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అది చూసి రెండోవారు మొదలుపెట్టడం. తెరిచిన ప్రతిసారీ అందరి ఫోటోలూ సర్వర్ మోసుకురావాలి. ఆంజనేయులు గారి ఫోటో స్టూడియోలో తీయించింది, గోడకు తగిలించుకునేంత పెద్దది. మా ముసలి కంప్యూటర్ చేతులెత్తేసింది.

ఆ సాయంత్రం కోడూరు నుంచి నాగమణి అనే విద్యార్థిని ఫోన్ చేసింది. ఇంట్లో కంప్యూటర్ లేక, రొయ్యల మేత అమ్మే దుకాణంలో వాళ్లను బతిమాలుకుని కూర్చున్న పిల్ల. "సార్, పొద్దుటనగా నొక్కానండీ. ఇంకా తిరుగుతానే ఉందండీ. కొట్టు కట్టేస్తామంటున్నారండీ" అంది. మిగతా పిల్లల పరిస్థితీ అదే. నాకు ఒళ్లు మండిపోయింది. గ్రూపులో నాలుగు మాటలు ఘాటుగా రాశాను. జవాబుగా అందరూ నమస్కారం బొమ్మలు పెట్టి, పేజీ మళ్లీ తెరిచారు.

కమిటీ వారంలోకి వచ్చేసింది. అభ్యాసాలు ఒక్కటీ రాలేదు, పాఠాలు మావి తప్ప లేవు. కోప్పడాల్సిన షమీమ్ మాత్రం కోప్పడలేదు.

"సార్, మొదటి పేజీలో పేర్లే వద్దండీ. ఎవరి పాఠం మీద వాళ్ల పేరు వేద్దాం. అక్కడ రెండో పేరు ఉండదు కదండీ" అంది.

మార్కప్‌లో ఒక సౌకర్యం ఉంది. ఏ గుర్తు లోపల ఏ గుర్తు రావాలో ముందే నియమం రాసి పెట్టవచ్చు. నియమం తప్పిన ఫైలును సాఫ్ట్‌వేర్ తీసుకోదు. పాఠం అనే గుర్తు లోపల తప్ప పేరు అనే గుర్తు ఎక్కడా ఉండరాదని షమీమ్ నియమం రాసింది. పాఠం లేనివారికి పేరు లేదు, ఫోటో లేదు. ప్రిన్సిపాల్ గారికీ లేదు. ఆ మాట ఆయనకు చెప్పే భాగ్యం నాకు దక్కింది.

సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడం లేదండీ అని చెప్పాను. మనుషులు ఒప్పుకోవడం లేదంటే ఊరుకునే మనిషి కాదాయన. యంత్రం అనేసరికి మెత్తబడి, ప్రిన్సిపాల్ సందేశం పంపితే సరిపోతుందా అని అడిగారు. సందేశం పాఠం కిందికి రాదన్నాను. ఆయన అసలు కెమిస్ట్రీ మాస్టారు; మర్నాడు లాబ్ రసాయనాల పట్టికతో చక్కని పాఠం తయారుచేసి పంపారు. నిజంగా బాగుంది. అది పేజీకెక్కగానే ఆంజనేయులు గారు జమాఖర్చుల మీద ఒకటి పంపారు. ఆయన ఒకటి పంపారని వెంకటరత్నం గారు రెండు పంపారు. ఎవరి ఇంట్లోనూ నెట్‌కు ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటి పేజీ తేలికపడటంతో సాఫ్ట్‌వేర్లు గబగబా దిగాయి. నాగమణి మేత దుకాణం సరుకునే పట్టికగా చేసి పంపింది. కొట్టు యజమాని దాన్ని చూసి, రోజూ వచ్చి కూర్చోమన్నాడట. కమిటీ తృప్తిపడింది, కోర్సు నిలిచింది, షమీమ్ కాంట్రాక్టు పొడిగించారు. నాకు ప్రాణం లేచివచ్చింది.

తర్వాత కమిటీ నివేదిక వచ్చింది. కోర్సు విజయానికి కృషి చేసినవారంటూ ప్రిన్సిపాల్ గారితో మొదలుపెట్టి పర్మనెంట్ అధ్యాపకులందరి పేర్లూ వేశారు. షమీమ్ పేరు ఎక్కడా లేదు. నేను మండిపడుతూ కాగితం ఆమె ముందు పెట్టాను. ఆమె నిదానంగా చదివి వెనక్కి ఇచ్చింది.

"ఇందులో లేకపోతే ఏంటి సార్, జీతాల బిల్లులో ఉంది కదండీ" అంది.

ఆ అనుభవం వల్ల నేను తెలుసుకున్నది ఇది. ఒక సంస్థలో సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు, పేరు కావాల్సినవాళ్లెవరో, పని కావాల్సినవాళ్లెవరో మొదటిరోజే కనుక్కోవాలి. మొదటివాళ్లకు పేరు కింద పని తగిలించాలి. రెండోవాళ్ల చేతికి పాస్‌వర్డ్ ఇవ్వాలి.