ఆమె కళ్లతో రాసిన కథ

నేను తెలుగులో కథలు రాస్తాను. మా అమ్మకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. తమిళ ఊరైన ఉప్పళంలో పుట్టి పెరిగిన మనిషి, బడిలో నేర్చింది తమిళమే. అందుకే నేను ఏది రాసినా సాయంత్రం కాఫీ వేళ అమ్మకు చదివి వినిపించడం మా ఇంట్లో అలవాటు.

ఈ ఎండాకాలంలో అమ్మ కడుపులో గడ్డ ఉందన్నారు. రిపోర్టు వచ్చిన రోజు అన్న ఒక్కడే వెళ్లి డాక్టరును కలిసి వచ్చాడు.

"క్యాన్సరంట. అమ్మకి చెప్పొద్దు, భయపడిపోతాది. అల్సర్ అని చెప్దాం" అన్నాడు. నేను తలూపాను. అలా తలూపినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

లోపల దాచుకోలేక దాన్ని కథగా రాశాను. నా తెలివి చూడండి: కథంతా జబ్బు మనిషి కళ్లతోనే నడిపాను. ఆమెకు ఏమీ తెలియదు, చదివేవాళ్లకు అన్నీ తెలుసు. వచ్చే ఏడు వీరాంపట్టినం తేరు పండగకు ఏ చీర కట్టుకోవాలా అని ఆమె ఆలోచిస్తుంటే చదివేవాళ్లకు గుండె జారిపోవాలి. ఉత్కంఠ అంటే ఇదీ అని మురిసిపోయాను. అమ్మ ఎలాగూ చదవలేదు కదా అని నోటుపుస్తకాన్ని బల్ల మీదే వదిలేశాను.

మర్నాడు సాయంత్రం అమ్మే దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "కొత్తదా? చదువు."

వద్దంటే అనుమానం వస్తుంది. ఆమెకు అర్థం కాని రిపోర్టులో జబ్బు పేరు వచ్చిన చోటల్లా దాటేస్తూ చదివాను. అమ్మ కాఫీ ముట్టలేదు. చీర దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"ఆ మనిషికి నిజంగా ఏమీ తెలీదంటావా?"

"తెలీదమ్మా. ఆమె కళ్లతోనే కదా చెప్తాండా."

"ఆమె కళ్లు యాడుండాయి దీంట్లో? అంతా నీ కళ్లే. ఆమె వస్తానే ఇంట్లో వాళ్లు మాట మార్చేది, కొడుకు మొహం చూడకుండా మాట్లాడేది, ఇయ్యన్నీ ఆమెకి కనబడవా? పావం, పిచ్చిదాన్ని చేసి పెట్టినావే."

మేమే అమ్మను కనిపెట్టుకుని ఉన్నామనుకున్నాం. ఇన్నాళ్లూ అమ్మే మమ్మల్ని చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ భయమేసింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కథ చాలు. ఇంకెన్నాళ్లుంటానన్నాడు డాక్టరు?"

"అదేందమ్మా, ఆపరేషన్ చేస్తే బాగైపోతాదంట!" అన్నాను. అబద్ధం కాదు, డాక్టరు మాటగా అన్న నాకు చెప్పింది అదే.

అప్పుడే పని నుంచి వచ్చిన అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నువ్వైనా చెప్పన్నా అన్నట్టు అతని వైపు చూశాను. అన్న తల దించుకున్నాడు.