మంచు పోస్టుకు వచ్చిన టేబుల్

మధ్యాహ్నం దాటాక సరిహద్దు పోస్టుకు చేరాం. ఎడమ పక్క రాతి గోడ, కుడి పక్క లోయ, నడుమ ఇసుక బస్తాల బంకరు. ఆదోని ఎండలో పెరిగినవాణ్ణి. రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగినా కాళ్లు ఉన్నాయో లేదో తెలియలేదు.

నా పని రేడియో. వంట చూసే జవానుది మా పక్క ఎమ్మిగనూరే. కింది క్యాంపు రేడియో ఆపరేటర్ మిజోరం వాడు. అతనికి హిందీ అంతంతమాత్రం. అందుకని మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్లం.

వారాల తరబడి పప్పు, డబ్బా బఠానీలే తిన్నాం. మంచుకు దారి మూసుకుపోయేముందు కంచరగాడిదలు చివరిసారి వస్తాయని తెలిసింది.

"కూరగాయలు పంపమను," అన్నాడు మా పోస్టు పెద్ద, హవల్దారు.

బడిలో నేర్చుకున్నట్టే ఒత్తి పలికాను. "వెజి-టేబుల్! వెజి-టేబుల్! ఓవర్."

"రోజర్," అన్నాడు ఆపరేటర్. నా మాటలో ముందు సగం గాలికి కొట్టుకుపోయిందని నాకేం తెలుసు?

మూడో రోజు కంచరగాడిద మలుపు తిరిగింది. దాని వీపు మీద, నాలుగు కాళ్లూ ఆకాశానికి ఎత్తిన చెక్క టేబుల్.

వంట జవాను దాని చుట్టూ తిరిగాడు. "ఇదేందప్పా! కూరగాయలు యాడ? దీన్ని తరిగి పులుసు పెట్టల్లా?"

"నేను సరిగ్గానే సెప్పినానప్పా," అన్నాను.

హవల్దారు ఆ టేబుల్ను బంకర్లోకి మోయించాడు. మర్నాటికి దారి మూసుకుంది.

ఆ సాయంత్రం కింది క్యాంపు నుంచి మేజర్ సాబ్ లైన్లోకి వచ్చి, ఎలా ఉన్నారని అడిగారు.

"వెరీ కంఫర్-టేబుల్ సార్!" అన్నాను.

మధ్యలో ఆపరేటర్ గొంతు దూరింది. "ఇంకో టేబులా? ఇక దారి లేదు భాయ్!"

జరిగిందేమిటో అప్పుడు అందరికీ అర్థమైంది. ఆ రోజు నుంచి వాతావరణం వివరాలు ఇచ్చాక ఆపరేటర్ రేడియోలోనే నాకు పాఠం చెప్పేవాడు. "బరువంతా మొదటి ముక్క మీద వెయ్యి. వెజ్. తర్వాత 'టబుల్' అని తేల్చెయ్. అలాగే కంఫ్-టబుల్. 'టేబుల్' అన్న మాటే వినబడకూడదు."

కాపలాలో అవే గొణిగాను. పక్క మీదా అవే గొణిగాను.

"నిద్దర్లో కూడా అదే అంటాండావు. పండుకోనీ అప్పా!" అని మొత్తుకున్నాడు వంట జవాను.

ఒకరోజు మబ్బు విడిచింది. మందులు జారవిడవడానికి హెలికాప్టర్ వస్తోందన్నారు. హవల్దారు నా వైపు చూశాడు. నేను మైకు అందుకున్నాను.

"వెజ్-టబుల్స్. ఓవర్."

"వెజ్-టబుల్స్. రోజర్." అతని గొంతులో నవ్వు వినిపించింది.

పోస్టులో గడువు ముగిసి ఆదోని స్టేషన్లో దిగాను. ఆటో అతను నా పెట్టె అందుకుంటూ, "యుద్ధం చూసినావా అన్నా?" అని అడిగాడు. ఏం చెప్పను? నా కళ్లలో నిలిచిపోయింది ఒక్కటే. హెలికాప్టర్ జారవిడిచిన సంచి చిరిగి, తెల్లటి మంచు మీద పచ్చటి క్యాబేజీలు దొర్లిపోతున్నాయి. మా హవల్దారు బోర్లా పడి, ఒకదాన్ని రెండు చేతులా వాటేసుకుని, పగలబడి నవ్వుతున్నాడు.